ఈవర్ పీపా

పొద్దు వాలాక మూడో గిడ్డంగిలో సముద్రం వైపు మూలకి మా ఊళ్ళో ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. ఆ మూలకి చెడ్డపేరు నిన్నా మొన్నా వచ్చింది కాదు, యాభై ఒక్క ఏళ్ల నాటిది. కిల్‌మోరన్ విస్కీ బట్టీలో పనిచేసినవాణ్ణి ఎవణ్ణయినా అడిగి చూడండి. ముందు నవ్వుతాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తాడు. "నేను నమ్మననుకో... కానీ..." అని మొదలుపెడతాడు. ఆ "కానీ" తర్వాత అందరూ చెప్పేది ఒకటే కథ.

ఈవర్ అని పాతికేళ్ల కుర్రాడు ఉండేవాడు. ఓ నవంబరు శుక్రవారం ఆ మూలలో నిండు పీపా ఒకటి దొర్లి వాడి మీద పడింది. లోపల మనిషున్నాడని తెలీక బయట తాళాలు వేసేశారు. తాళాలు అని ఎందుకంటున్నానంటే, ఆ రోజుల్లో గిడ్డంగి తలుపుకి రెండుండేవి. ఒకటి బట్టీది, రెండోది ప్రభుత్వానిది. రెండూ తీస్తే తప్ప తలుపు కదిలేది కాదు. బట్టీ తాళంచెవి గిడ్డంగి చూసుకునే టొర్మొద్ దగ్గర ఉంది. ప్రభుత్వం తాళంచెవి ఎక్సైజు ఆఫీసరు హాడన్ జేబులో ఉంది. ఆ హాడన్ ఏమో దీవికి అవతలి కొసన ఉన్నాడు.

లోపలినుంచి ఈవర్ తడుతూనే ఉన్నాడట... టక్, టక్, టక్. కాసేపాగి మళ్ళీ... టక్, టక్, టక్. హాడన్ వచ్చేసరికి చప్పుడు లేదు.

"ఏం చేస్తారు పాపం," అంటారు మావాళ్ళు. ప్రభుత్వం తాళం పగలగొడితే బట్టీకి లైసెన్సు పోతుంది, పగలగొట్టినవాడు జైలుకి పోతాడు. టొర్మొద్ ఒక తాళంచెవి చేత్తో పట్టుకుని రెండోదాని కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు పాపం, అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ పీపాని మళ్ళీ దిమ్మెల మీదికి ఎక్కించారు. అంతే, తర్వాత దాన్ని ముట్టుకున్నవాడు లేడు. పదేళ్ళకి తియ్యాలన్నారు, "ఇంకా ముదరలేదు" అన్నాడొకడు. ఇరవై ఏళ్ళకి తియ్యాలన్నారు, "నంబరు చెరిగిపోయింది, ఏదో తెలీట్లేదు" అన్నాడు ఇంకోడు. మేనేజర్లు వచ్చారు, పోయారు. పీపా మాత్రం అక్కడే ఉంది. అలా అలా అందులో విస్కీ ముసలిదైపోయింది. పీట్ అనే నల్లమట్టి కాల్చి పొగ పట్టించిన విస్కీ అంత వయసుది మా దీవిలో ఇంకోటి లేదు. బయటివాళ్ళు దాన్ని చూసి మావాళ్ళ ఓపికని తెగ మెచ్చుకుంటారు. ఓపికా పాడా... భయం.

ఈవర్ పోయినప్పటినుంచీ ఆ మూలలో చప్పుడు వినబడుతుందంటారు. పీపాల్లో సరుకు ఎంతుందో తెలుసుకోవడానికి పైనుంచి కిందికి తట్టి చూస్తాం మేము. ఏటా ఆవిరైపోయేది, అంటే మావాళ్ళ మాటలో దేవదూతలు తాగిపోయిన వాటా, పోగా ఎంత మిగిలిందో ఆ చప్పుడే చెబుతుంది. అందుకే చప్పుడు వినబడితే "ఈవర్ లెవెల్ చూసుకుంటున్నాడు" అని హాస్యమాడతారు పగటిపూట. చీకటి పడితే హాస్యం లేదు. కొత్తగా పనిలో చేరినవాడికి మొదటిరోజే చెప్పేస్తారు. చప్పుడు వింటే పలకొద్దు, వెతకొద్దు. చేతిలో పని అక్కడే వదిలెయ్యి, బయటికి రా, తాళం వెయ్యి, ఇంటికి పో.

ఆ టొర్మొద్ కూతురే డోలీనా.

నలభై తొమ్మిదేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా అదే బట్టీలో పని. ప్రభుత్వం తాళాలు ఎప్పుడో ఎత్తేశారు, తలుపు మీద వాటి కొక్కెం తుప్పుపట్టి మిగిలింది. ఇప్పుడు మూడు గిడ్డంగులకీ ఒక్కో తాళమే, ఆ మూడు తాళంచెవులూ డోలీనా నడుముకే. పీపా మీద చెవి ఆనించి దాని కలప ఏ అడవిదో చెప్పగలదని ఆమె గురించి అంటారు గానీ, అవన్నీ మావాళ్ళ కోతలు. ముక్కు మాత్రం మంచిది. తండ్రి పోలిక.

ఆ డిసెంబరులో ఈవర్ పీపా అమ్ముడుపోయింది. ఎడిన్‌బరో నుంచి ముగ్గురు వచ్చి, తాగి చూసి, మాట్లాడకుండా ఒకరి మొహం ఒకరు చూసుకుని కొనేసుకున్నారు. పీపాని తలుపు దగ్గరికి జరిపించి, బిరడా మీద లక్క ముద్ర వేసి పోయారు. తెల్లారితే అది లారీ మీద ఫెర్రీకి పోవాలి. రెండ్రోజులుగా గాలి మూలాన ఫెర్రీలు లేవు. ఆ మధ్యాహ్నమే కరెంటు కూడా పోయింది, ఫోన్లు కూడా మూగబోయాయి.

ఇంట్లో టొర్మొద్ మంచం మీద ఉన్నాడు. ఎనభై రెండేళ్ళు. ఊపిరితిత్తుల నిండా నీరు. పక్కింటి నర్సు పెగీ, "ఈ వారం దాటితే గొప్ప" అని డోలీనాని వంటగదిలోకి పిలిచి చెప్పింది.

నాలుగున్నరకే బయట కటిక చీకటి. దీపం వెలిగించి తండ్రి పక్కన పెడుతుంటే ఆయన కళ్ళు తెరిచాడు.

"పీపా పోతోందటగా."

"పొద్దున. గాలి తగ్గితే."

"ఓ చుక్క తెచ్చిపెట్టు తల్లీ."

"నీళ్ళే మింగుడుపడటం లేదు నీకు. పెగీ వింటే నన్ను చంపుతుంది."

"మింగను. నాలిక్కి రాసుకుంటా."

"అమ్ముడైపోయింది నాన్నా అది. ముట్టుకుంటే దొంగతనం."

"పోలీసులొస్తే నన్ను చూపించు. ఈ మంచంతో సహా మోసుకుపొమ్మను."

డోలీనాకి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్లలో బట్టీనుంచి ఒక్క చుక్క బయటికి తేలేదు ఆమె. తేవొద్దని చిన్నప్పటినుంచీ నూరిపోసింది కూడా ఈ తండ్రే. "నీకెందుకు నాన్నా ఆ దరిద్రపు పీపా? దాని పేరెత్తితేనే లేచి వెళ్ళిపోయేవాడివి కదా," అంది.

టొర్మొద్ కూతురి మొహం చూడలేదు. "నింపింది నేనే కదా," అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "దాన్ని చూడకుండా పోలేనే," అన్నాడు.

ఆయన తనకోసం ఏదైనా అడగడం డోలీనా పుట్టాక అదే మొదలు. కోటు వేసుకుంది.

దారంతా గాలి తోసేస్తోంది. ఊళ్ళో ఒక్క దీపం లేదు. సముద్రం గిడ్డంగి గోడకి కొట్టి పైకి లేస్తోంది, ఆ తుంపర్లు నోట్లో ఉప్పగా పడుతున్నాయి. టార్చి వెలుగులో తలుపు దగ్గరికి వచ్చి తాళంచెవి తీసింది... తాళం తీసే ఉంది. కొక్కేనికి ఊరికే వేలాడుతోంది.

ఒళ్ళు మండింది ఆమెకి. ఆలిక్ గాడి పని అది. ఆమె కింద పనిచేసే మనిషి వాడు. ముప్ఫై దాటినా బాధ్యత రాలేదు. పీపాకి లారీలో అడ్డు పెట్టడానికి చెక్కలు సిద్ధం చెయ్యమని మధ్యాహ్నం చెప్పింది. కరెంటు పోయింది కదా అని, ఆమె తీసిచ్చిన తాళం కూడా నొక్కి వెయ్యకుండా ఇంటికి పోయి ఉంటాడు. ఇది మూడోసారి ఈ నెల్లో.

"ఆలిక్," అని లోపలికి ఓసారి కేకేసింది, అలవాటుగా. జవాబు లేదు.

లోపల అడుగుపెట్టగానే గాలి హోరు వెనకబడింది. కింద మట్టి నేల, పైన నల్లగా బూజుపట్టిన కప్పు, వరసల వరసల పీపాలు. చలి. ఎప్పుడూ ఉండే తియ్యటి తడి వాసన. పగలు ఆ వాసనంటే ఆమెకి ప్రాణం. ఇప్పుడు ఎందుకో ఎవరి ఇంట్లోకో చెప్పకుండా వచ్చినట్టు అనిపించింది.

ఈవర్ పీపా తలుపుకి పది అడుగుల్లోనే ఉంది. టార్చి పక్క పీపా మీద పెట్టింది. లక్క ముద్ర గీకేసింది. సుత్తితో బిరడాకి అటో దెబ్బ ఇటో దెబ్బ వేసి వదులు చేసి పైకి లాగింది.

చాలా ఏళ్ళుగా మూసిన గదిలోంచి గాలి వచ్చినట్టు... మెల్లగా వాసన బయటికి వచ్చింది.

డోలీనా పీపాలోంచి సరుకు తీసే రాగి గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంత వాసన ఉంటుందనుకోలేదు. కుర్ర విస్కీలో పొగ మొహాన కొడుతుంది. ఇందులో పొగ ఉందా అంటే ఉంది, రాత్రంతా మండి ఆరిన పొయ్యి దగ్గర తెల్లారి కూర్చున్నట్టు ఉంది. దాని కింద మైనం. తడి తాడు. ఆ కిందెక్కడో పండు... బాగా మగ్గిన మామిడిపండు. ఈ చలి దీవిలో, ఈ పాడు మూలలో, మామిడిపండు ఎక్కడినుంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

గొట్టం దింపింది. పైకొస బొటనవేలితో మూసి పైకి తీసింది. తెచ్చుకున్న చిన్న సీసాలోకి వదిలింది. రెండు గుటకలంత. బిరడా చేతిలోకి తీసుకుంది.

టక్.

చెయ్యి ఆగిపోయింది.

టక్... టక్.

గాలి కాదు. గాలి హోరులో వినబడిన చప్పుడు కాదది. లోపలిది. సముద్రం వైపు మూలనుంచి.

కప్పునుంచి నీళ్ళు కారుతున్నాయేమో అనుకుంది. నీటిచుక్క మట్టి నేల మీద పడితే అలా మోగదు. ఎలకలేమో అనుకుంది. ఎలక ఆగి, లెక్కపెట్టి, మళ్ళీ కొట్టదు.

టక్, టక్, టక్.

చెక్క మీద చెక్కతో కొడుతున్నట్టుంది. తొందరేం లేదు. గట్టిగానూ లేదు. ఎవరో వింటున్నారని తెలిసినవాడు కొడుతున్నట్టుంది.

టార్చి అటు తిప్పింది. వెలుగు మూడో వరసదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ వెనకంతా నలుపు. డోలీనా పిరికిది కాదు, తుఫానులో పడవ మీద వెళ్ళి గొర్రెల్ని తెచ్చిన మనిషి. కానీ ఆ మూల వైపు ఒక్క అడుగు వెయ్యలేదు. నోరు తెరిచి ఎవరని అడుగుదామంటే... పలకొద్దు, వెతకొద్దు అని ముప్ఫై ఏళ్ల కిందట చెప్పిన మాట అడ్డొచ్చింది.

టక్, టక్, టక్.

బిరడా దిగ్గొట్టింది. సీసా కోటులోకి తోసింది. బయటికొచ్చి తలుపు లాగి తాళం వేసి, పడిందో లేదో మళ్ళీ ఓసారి లాగి చూసింది. తలుపుకి వీపు ఆనించి ఊపిరి తీసుకుంటుంటే చెక్కల్లోంచి సన్నగా ఇంకా వినబడుతోంది. అప్పుడు పరుగెత్తింది.

ఇంటికొచ్చాక తండ్రికి ఆ సంగతి చెప్పకూడదనుకుంది. పోయేముందు మనిషికి దెయ్యాల కబుర్లు ఎందుకని.

టొర్మొద్‌ని దిండ్ల మీద లేపి కూర్చోబెట్టింది. గ్లాసులో పోసి ఇస్తే ఆయన తల అడ్డంగా ఊపాడు. చెయ్యి చాపాడు. పాత గిడ్డంగివాళ్ళ పద్ధతి అది. డోలీనా ఆయన అరచేతిలో నాలుగు చుక్కలు వేసింది. రెండు చేతులూ రుద్దుకుని, దోసిలి ముక్కుకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. ముందు ఘాటు ఎగిరిపోవాలి. తర్వాత పండు వస్తుంది. చెయ్యి ఆరిపోయాక చివర్న మిగిలేదే అసలు విస్కీ అని చిన్నప్పుడు ఆమెకి నేర్పిందాయనే.

చాలాసేపు అలాగే ఉన్నాడు. దోసిలి వెనకాల ఊపిరి గురగురమంటోంది.

"చాల్లే నాన్నా," అంది.

"నాలిక్కి రాయి."

వేలు ముంచి నాలుక మీద రాసింది. ఆయన పెదాలు మూసుకున్నాడు. దవడ కదిలింది. ముసలాయన ఆ చుక్కని నోరంతా తిప్పి తిప్పి వెతుకుతున్నాడు. ఇంకో చుక్క అడిగాడు. అదీ అలాగే తిప్పాడు. మెల్లగా కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలెట్టాయి.

"బాగాలేదా?"

"బాగుంది," అన్నాడు. "ఎంత బాగుందే... ఇంత బాగుండకూడదే. చేదుగా ఉంటుందనుకున్నా. కుళ్ళిపోయి ఉంటుందనుకున్నా. ఇన్నేళ్ళూ వాడి మీద పడ్డ పీపా... పాడైపోయి ఉంటుంది, తాగితే నా పాపం నా నాలిక్కి తెలుస్తుంది, అప్పుడు పోవచ్చనుకున్నా." దుప్పటి పిడికిట్లో పట్టుకున్నాడు. "తిట్టినా బాగుండేది. ఇదేమిటే, ఇలా తియ్యగా ఉంది."

"నీ పాపమేముంది నాన్నా ఇందులో? రెండో తాళంచెవి నీ దగ్గర లేదు కదా."

టొర్మొద్ కళ్ళు తెరిచాడు.

"ఉంది."

డోలీనాకి అర్థం కాలేదు.

"రెండూ నా జేబులోనే ఉన్నాయి. ఒకటే ఉందని ఊరికి అబద్ధం చెప్పా. హాడన్ ప్రతి శుక్రవారం తన తాళంచెవి నాకిచ్చి అవతలి రేవులో టీచరమ్మ దగ్గరికి పోయేవాడు. నమ్మకంగా. మేము ఆ నమ్మకంతో తాగేవాళ్ళం. ఈవర్ లోపల ఉండిపోయేవాడు, నేను బయట తాళాలు వేసేవాణ్ణి. వాడు 'కుక్క'తో పీపాల్లోంచి లాగేవాడు."

కుక్క అంటే మావాళ్ళ భాషలో ప్యాంటు కాలులో దాచుకునే రాగి గొట్టం. ఎక్కడికెళ్ళినా వెంటే వస్తుందని ఆ పేరు పెట్టారు. కిల్‌మోరన్‌లో ఆ రోజుల్లో అది లేని ఇల్లు లేదు.

"పనయ్యాక మూడుసార్లు తట్టేవాడు. తలుపు తియ్యమని. నేను తీసేవాణ్ణి." ఊపిరి కోసం ఆగాడు. "ఆ రోజు తాళాలు వేసి తిరిగానో లేదో, గ్లాస్గో నుంచి ఇద్దరు ఎక్సైజు పెద్దాఫీసర్లు చెప్పకుండా దిగారు. గిడ్డంగి గోడ పక్కనే ఆఫీసు గది. కూర్చోబెట్టి టీ ఇచ్చా. గోడ అవతల వీడు తట్టడం మొదలెట్టాడు. ఏమిటా చప్పుడని అడిగారు. పక్క షెడ్డులో పీపాలు బాగుచేస్తున్నారండీ అన్నా."

"నాన్నా..."

"పడిపోయాడని తెలీదే నాకు. పనైపోయి తొందరపెడుతున్నాడనుకున్నా. ఆపరా వెధవా, అందర్నీ పట్టిస్తావు అని లోపల్లోపల తిట్టుకున్నా. రెండు గంటలు. ఫెర్రీ ఆలస్యం. ఇంకో కప్పు టీ పోశా. తడుతూనే ఉన్నాడు. తర్వాత ఆగిపోయింది." ఆయన గొంతు లేదు ఇక, పెదాలే కదులుతున్నాయి. "ఆగితే హమ్మయ్య అనుకున్నా డోలీనా. హమ్మయ్య అనుకున్నా."

దీపం కొట్టుకుంది. డోలీనా తండ్రి చెయ్యి పట్టుకోవాలనుకుంది, పట్టుకోలేకపోయింది. ఊరంతా యాభై ఏళ్ళు "పాపం" అన్న మనిషి ఈయన. చర్చిలో ఈవర్ తల్లి పక్కన కూర్చుని ఓదార్చిన మనిషి. నోటికొచ్చింది అనేసింది.

"ఇవాళ నేనూ విన్నాను."

టొర్మొద్ ఊపిరి ఆపాడు. "ఎన్ని?"

"మూడు. ఆగి, మళ్ళీ మూడు."

"నువ్వేం చేశావు?"

"తాళం వేసి వచ్చేశాను."

ఆయన కూతురి మొహంలోకి చూశాడు. మొదటిసారి తిన్నగా చూశాడు. ముప్ఫై ఏళ్ళు గిడ్డంగి నడిపిన మనిషి గొంతు ఎక్కడినుంచో తిరిగొచ్చింది.

"నువ్వెళ్ళేసరికి తాళం వేసుందా, తీసుందా?"

"తీసే ఉంది. ఆలిక్ గాడు మర్చిపోయి..."

"ఆలిక్‌ని చూశావా?"

డోలీనాకి అప్పుడు గుర్తొచ్చింది. అడ్డుచెక్కలు ఉండేది సముద్రం వైపు మూలలోనే.

"చూశావా అంటుంటే."

"లేదు."

"వెళ్ళు," అన్నాడు టొర్మొద్. లేవబోయాడు. మోచెయ్యి జారి పక్కకి ఒరిగిపోయాడు. "నన్ను వదిలెయ్యి. వెళ్ళవే, వెళ్ళు..."

ఎలా వెళ్ళిందో ఆమెకి గుర్తులేదు. పెగీ వాళ్ళింటి తలుపు బాదింది, మూడో గిడ్డంగికి రమ్మని అరిచింది, పరుగు ఆపలేదు. గాలి ఎదురు. రొప్పుతోంది. దేవుడా, గంట దాటింది, గంట పైనే అయింది అనుకుంటూ పరుగెత్తింది. తలుపుకి చెవి ఆనించింది.

టక్, టక్, టక్.

బతికే ఉన్నాడు. తాళంచెవి జారి కిందపడింది. బురదలో వెతికింది. దొరికింది. దూర్చింది. తిప్పింది.

చప్పుడు ఆగిపోయింది.

సరిగ్గా తాళం తిరగ్గానే ఆగిపోయింది. తలుపు తోసుకుని, "ఆలిక్, వస్తున్నా, ఆలిక్," అని అరుస్తూ పరుగెత్తింది. మూడో వరస దాటింది. నాలుగోది. ముప్ఫై ఏళ్లలో ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళని మూలలోకి వెళ్ళింది. టార్చి వెలుగులో ముందు బూటు కనబడింది.

ఆలిక్ వెల్లకిలా ఉన్నాడు. దిమ్మె విరిగి పీపా జారినట్టుంది. వాడి తల గోడకి ఆనుకుని ఉంది. పీపా ఛాతీ మీదికి వచ్చి ఆగింది. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆలస్యమైపోయింది, మా నాన్న చేసిందే నేనూ చేశాను అనుకుంది డోలీనా. మోకాళ్ళ మీద కూలబడింది. అప్పుడు వాడి ముక్కు దగ్గర దుమ్ము కాస్త కదిలింది.

గోడవారన ఉన్న గునపం పీపా కింద దూర్చింది. బలమంతా పెట్టి ఎత్తింది. రెండంగుళాలు. కాలితో చెక్క ఒకటి తోసింది. మళ్ళీ ఎత్తింది. ఇంకో చెక్క. ఈలోగా పెగీ, ఆమె మొగుడూ లాంతరుతో వచ్చిపడ్డారు. ముగ్గురూ కలిసి వాణ్ణి బయటికి లాగారు. ఆలిక్‌కి దగ్గొచ్చింది. ఊపిరి పీల్చుకున్నాడు, అరుపులాంటి ఊపిరి.

"పడుకో, కదలకు," అంది పెగీ, పక్కటెముకలు తడుముతూ.

డోలీనా వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. "నన్ను క్షమించరా. విని కూడా వెళ్ళిపోయాను. నువ్వు తడుతూనే ఉన్నావు కాబట్టి బతికావు. ఆపకుండా తట్టి మంచిపని చేశావురా."

ఆలిక్ ఆమె వైపు వింతగా చూశాడు. రెండు చేతులూ ఎత్తబోయాడు. మోచేతులనుంచి వేళ్ళదాకా చచ్చుబడి ఉన్నాయి, పీపా ఇనుప కట్టు అచ్చు అరచేతుల్లో లోతుగా దిగి ఉంది.

"ఏ చేత్తో తట్టను అక్కా?" అన్నాడు.

పెగీ తడమడం ఆపింది.

"రెండు చేతులతో దాన్ని ఛాతీ మీదికి పూర్తిగా రాకుండా ఆపుకుంటూ ఉన్నా. ఒక్కటి వదిలితే అయిపోయేవాణ్ణి. అరుద్దామంటే ఊపిరి లేదు." గోడ వైపు కళ్ళు తిప్పాడు. "తట్టింది నేను కాదు. ఇక్కడే... నా తలకాయ పక్కన కూర్చుని తట్టాడు. నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు తట్టాడు. నువ్వు తాళం వేసుకుని పోయాక కూడా ఆపలేదు. చీకట్లో మొహం కనబళ్ళేదక్కా. నువ్వు తలుపు తీశాక ఆపాడు."

పెగీ లాంతరు గోడ వైపు ఎత్తింది. అక్కడ ఎవరూ లేరు. మట్టినేల మీద ఆలిక్ తల ఆనిన చోటూ, దాని పక్కన ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ. అంతే.

డోలీనా ఇల్లు చేరేసరికి ఎనిమిది. టొర్మొద్ పక్కకి ఒరిగినవాడు ఒరిగినట్టే ఉన్నాడు, తనంతట తాను లేవలేక. కళ్ళు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. ఆమె సరిగా పడుకోబెట్టి దిండు సర్దింది.

"బతికాడు నాన్నా."

ఆయన తల ఊపాడు. కళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నాయి. అబద్ధం చెబుదామా అనుకుంది డోలీనా. తట్టింది ఆలిక్కే అంటే సరిపోయేది, ముసలాయన నిద్రపోయేవాడు. నోరు రాలేదు. ఆలిక్ చేతుల సంగతి చెప్పింది. పక్కన కూర్చున్నవాడి సంగతి చెప్పింది.

టొర్మొద్ పైకప్పు చూస్తూ అడిగాడు.

"నువ్వు తలుపు తీశాక ఆపేశాడన్నాడా?"

"అన్నాడు."

"వెంటనేనా?"

"తాళం తిరగ్గానే."

ముసలాయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. డోలీనా ఆయన వీపు మీద చెయ్యి వేసింది, అంతకంటే ఏమీ చెయ్యలేక.

"అంతే కదే వాడడిగింది," అన్నాడు.